పెరటి గుమ్మం దాకా వచ్చిన కయోటీ

నిరుడు మార్చిలో మా అమ్మాయి రెండో పురిటికని అమెరికా వెళ్ళాను. షికాగో అని చెప్పుకుంటాం గానీ వాళ్ళుండేది ఊరికి గంట దూరంలో ఉన్న శివారు. వరసగా ఒకేలాంటి ఇళ్ళు, ప్రతి ఇంటి వెనకా గడ్డి, గడ్డి చివర చిన్న చెరువు, చెరువు గట్టున పొదలు. ఇళ్ళ మధ్య ప్రహరీలు లేవు. "ఇంత జాగా పెట్టుకుని ఒక్క ఆనప పాదైనా వెయ్యలేదేమిటే" అని దిగిన రోజే అడిగాను.

నాలుగో రోజు రాత్రి నిద్ర పట్టక హాల్లో కూచుంటే చెరువు వైపు నుంచి ఊళ వినిపించింది. ఒకటి మొదలు పెడితే ఇంకో రెండు అందుకున్నాయి. నాకు ఒళ్ళు జలదరించింది. చిన్నప్పుడు తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో అరటి తోటల్లోంచి ఇలాగే వినిపించేది. పొద్దున్నే, "మీ ఇంటి వెనక నక్కలున్నాయే" అన్నాను. ఐదేళ్ళ మనవరాలు నవ్వేసింది. "నక్క కాదు అమ్మమ్మా, కయోటీ! రోడ్ రన్నర్‌ని తరుముతుందే, అదీ."

ఆ కార్టూన్ మా పిల్లలు కూడా చూసినదే. కొండ మీంచి పడిపోతూ, తను పెట్టిన బాంబు తన చేతిలోనే పేలిపోతూ ఉండే ఆ బక్క జంతువు నిజంగా ఉందని, అదీ మా అమ్మాయి పెరట్లోనే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి. మా అత్తగారు నేర్పిన అలవాటు ఒకటి నాకుంది. మేం తినేముందు ఒక ముద్ద తీసి గోడ మీద కాకికి పెడతాను. రాత్రి మిగిలిన అన్నం చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాదు. అక్కడ కూడా అదే చేశాను. వంటింటి వెనక చెక్క అరుగు మీద పగలు పిట్టలకి, ఉడతలకి ఇంత అన్నం, రాత్రి పెరుగన్నం మిగిలితే అదీ. పొద్దున్నకి ఆకు నాకినట్టు ఖాళీ. ఏ ప్రాణి ఆకలి తీరిందో అని సంతోషించేదాన్ని. అమ్మాయి ఒకటి రెండుసార్లు "వద్దమ్మా" అంది గానీ నిండు నెలల్లో ఉన్న పిల్ల గట్టిగా చెప్పలేకపోయింది. నేనూ వినిపించుకోలేదు.

ఏప్రిల్ మొదట్లో మనవడు పుట్టాడు. ఆ నెలాఖరులో ఒక సాయంత్రం పక్కింటి నుంచి కేకలు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడకి బొమ్మలాంటి తెల్ల కుక్కపిల్ల ఉంది. దాన్ని గడ్డిలో వదిలి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉండగానే పొదల్లోంచి కయోటీ వచ్చి మెడ పట్టుకుంది. ఆవిడ అరుస్తూ పరిగెత్తేసరికి వదిలేసింది. కుక్కపిల్ల బతికింది కానీ కుట్లు పడ్డాయి. ఆ రాత్రి మా అల్లుడు వెనక గుమ్మం కెమెరాలో రికార్డైనవి తిరగేశాడు. వరసగా తొమ్మిది రాత్రులు అదే కయోటీ మా అరుగెక్కి నేను పెట్టిన అన్నం తిని వెళ్ళింది. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఫోను నా చేతికిచ్చి లోపలికెళ్ళిపోయాడు. అంటేనే బాగుండేది.

బి.ఏ.లో హిస్టరీ చదువుకున్నదాన్ని. ఏదైనా అర్థం కాకపోతే మొదటినుంచీ ఏం జరిగిందో తెలుసుకుంటే గానీ నాకు స్థిమితం ఉండదు. అల్లుడిచేత లైబ్రరీ నుంచి పుస్తకాలు తెప్పించుకున్నాను. పిల్లాడు పడుకున్నప్పుడల్లా చదివాను, అర్థం కాని చోట అమ్మాయిని అడిగాను. మీకు చెప్పాలనుకున్నది ఆ కథే.

కయోటీ కుక్కల జాతిది. మన నక్క కంటే కాస్త పెద్దది, తోడేలు కంటే బాగా చిన్నది. పేరు మెక్సికోలో అజ్టెక్కులు మాట్లాడిన నవాటిల్ భాషలోని 'కోయోట్ల్' నుంచి వచ్చింది. మెక్సికో నగరంలో ఇప్పటికీ కొయొవకాన్ అనే పేట ఉంది, కయోటీల చోటు అని అర్థం. అజ్టెక్కులకి ఆటపాటల దేవుడొకడున్నాడు, ఆయన పేరే 'ముసలి కయోటీ'. ఉత్తర అమెరికాలోని ఎన్నో ఆదివాసీ జాతుల కథల్లో కయోటీ ఉంటాడు. ఒక కథలో మనుషులకి నిప్పు తెచ్చిపెడతాడు, ఇంకో కథలో అత్యాశకి పోయి తానే బోర్లా పడతాడు. మన నక్క కథలు విని పెరిగినవాళ్ళకి ఆ జిత్తులు కొత్తగా అనిపించవు.

తూర్పు తీరపు తెల్లవాళ్ళు దీన్ని చూసింది ఆలస్యంగా. 1804లో పడమటి దారి వెతుక్కుంటూ వెళ్ళిన లూయిస్, క్లార్క్ బృందం దీన్ని గడ్డిమైదానాల తోడేలు అని రాసుకుంది. 1823లో థామస్ సే అనే శాస్త్రవేత్త దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు, 'కానిస్ లాట్రాన్స్', అంటే మొరిగే కుక్క అని. అప్పటికి ఇది ప్రధానంగా పడమటి మైదానాల్లో, ఎడారుల్లో ఉండే జంతువు. తూర్పు అడవుల్లో తోడేళ్ళదే రాజ్యం. తోడేలున్న చోట కయోటీకి బతుకు కష్టం. దొరికితే చంపేస్తాయి.

ఆ తోడేళ్ళని మనుషులు తుడిచిపెట్టారు. మైదానాల్లో అడవి దున్నల మందలు పోయి పశువుల మందలు, గొర్రెల మందలు వచ్చాయి. తోడేలు తల తెస్తే బహుమానాలిచ్చారు, విషం పెట్టారు. 1915 నుంచి అమెరికా ప్రభుత్వమే జీతాలిచ్చి వేటగాళ్ళని పెట్టింది. 1926లో యెల్లోస్టోన్ పార్కులో ఆఖరి తోడేళ్ళని కూడా చంపేశారు. తోడేళ్ళు అయిపోయాక అదే శాఖ, అదే విషం కయోటీ మీదికి తిరిగాయి. 1931లో ఇందుకోసం ప్రత్యేకంగా చట్టం చేసి, పదేళ్ళకు కోటి డాలర్లు ఖర్చు పెట్టడానికి అనుమతిచ్చారు. దేశమంతా ఆర్థిక మాంద్యంతో అల్లాడుతున్న రోజులవి.

స్ట్రిక్నిన్, థాలియం, ఆ తర్వాత 1080 అనే విషం. మాంసం ముక్కల్లో కలిపి మైదానాల నిండా పెట్టారు. ఆ మాంసం తిన్న గద్దలు, పెంపుడు కుక్కలు కూడా చచ్చిపోయాయి. 1947 నుంచి 1956 దాకా పడమటి రాష్ట్రాల్లో చంపిన కయోటీలు సుమారు 65 లక్షలని డాన్ ఫ్లోరెస్ అనే చరిత్రకారుడు రాశాడు. చివరికి 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో ఈ విషాలు వాడకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. అయినా ఇప్పటికీ అక్కడి ప్రభుత్వ శాఖ ఏటా వేలాది కయోటీల్ని చంపుతూనే ఉంది.

ఇంత చేశాక ఆ జాతి ఏమైపోవాలి? తోడేలు దాదాపు అంతరించింది. కయోటీ మాత్రం మూడు వైపులా పెరిగింది. పుస్తకం పక్కన పెట్టి ఇది ఎలా సాధ్యమా అని చాలాసేపు ఆలోచించాను.

జవాబు దాని కుటుంబంలో ఉంది. కయోటీలు ఆలుమగలుగా ఉంటాయి. ఒక జంట, ఆ ఏటి పిల్లలు, ఒక్కోసారి కిందటేటి పిల్లలు కూడా. మన ఇళ్ళలో అక్కలు తమ్ముళ్ళని ఎత్తుకు తిరిగినట్టు, ఆ పెద్ద పిల్లలు చిన్నవాటిని కాస్తాయి, తిండి తెచ్చిపెడతాయి. తల్లి ఉన్నంతకాలం ఎదిగిన ఆడపిల్లలు సాధారణంగా ఈనవు. పెద్ద జంటని చంపేస్తే కుటుంబం చెదిరిపోతుంది. ఉన్న పిల్లలన్నీ తలో దిక్కూ పోయి, చిన్న వయసులోనే జతకట్టి పిల్లల్ని కంటాయి. నోళ్ళు తగ్గాయి కాబట్టి తిండి పుష్కలం, పుట్టిన పిల్లల్లో ఎక్కువ బతుకుతాయి. 1975లో కాలిఫోర్నియాలో ఇద్దరు పరిశోధకులు లెక్క కట్టారు. ఏటా నూటికి 75 కయోటీల్ని చంపుకుంటూ పోయినా, జాతి అంతరించడానికి 50 ఏళ్ళ పైనే పడుతుందట.

అంత పగ ఎందుకు పట్టాలో అని అనుమానించినవాళ్ళు అప్పుడే ఉన్నారు. అడాల్ఫ్ మ్యూరీ అనే ఆయన 1930ల చివర్లో యెల్లోస్టోన్‌లో కయోటీల పెంటలు ఏరి, వేల సంఖ్యలో విప్పి చూశాడు. ఎక్కువగా ఎలుకల్లాంటి చిన్న ప్రాణులే కనిపించాయి. అధికారులకి ఆ ఫలితం రుచించలేదు. తర్వాత హోప్ రైడెన్ అనే రచయిత్రి పడమటి కొండల్లో కయోటీ కుటుంబాల్ని కాపు వేసి చూసి, ఫొటోలు తీసి, 1975లో 'గాడ్స్ డాగ్' అనే పుస్తకం రాసింది. తుపాకీ పట్టుకున్నవాళ్ళు వందేళ్ళు చూసి గమనించని సంసారాన్ని ఆవిడ ఓపిగ్గా కూచుని చూసింది.

ఇక అవి ఎలా పాకాయో చూడండి. తూర్పున అడవులు నరికి పొలాలు చేశారు, అక్కడి తోడేళ్ళని చంపేశారు. ఆ ఖాళీలోకి కయోటీ నడిచి వచ్చింది. గ్రేట్ లేక్స్ చుట్టుపక్కల మిగిలిన కొద్దిపాటి తోడేళ్ళకి సాటి తోడేలు జత దొరక్క వాటితో కలిశాయి. అందుకే తూర్పున ఉండే కయోటీలు పడమటి వాటికంటే పెద్దగా ఉంటాయి. 1980ల్లో సముద్రం మీద పేరుకున్న మంచుగడ్డల మీదుగా న్యూఫౌండ్‌లాండ్ దీవికి చేరాయి. దక్షిణాన అడవులు కొట్టి పచ్చికబీళ్ళు చేసినకొద్దీ దిగుతూ 1981 నాటికి పనామా చేరాయి. తర్వాత పనామా కాలువ కూడా దాటేశాయి. అమెరికాలో ఒక్క హవాయి తప్ప మిగిలిన 49 రాష్ట్రాల్లోనూ ఇప్పుడు కయోటీలున్నాయి. 1950ల నుంచి చూస్తే వాటి నేల నూటికి 40 వంతులు పెరిగిందని 2018లో ఇద్దరు పరిశోధకులు పాత రికార్డులు, మ్యూజియం ఎముకలు దగ్గర పెట్టుకుని తేల్చారు.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. 1995లో యెల్లోస్టోన్‌కి తోడేళ్ళని మళ్ళీ తెచ్చి వదిలారు. కొద్ది ఏళ్ళలోనే వాటి నడుమ ఉన్న కయోటీలు సగానికి సగం తగ్గిపోయాయి. మనుషులు 65 లక్షల ప్రాణాలు తీసి సాధించలేనిది తోడేలు ఊరికే అక్కడ ఉండి సాధించింది.

పల్లెలు దాటి ఊళ్ళలోకి రావడం ఆఖరి ఘట్టం. ఊళ్ళో విషం పెట్టరు, తుపాకీ పేల్చరు. చెరువులు, పార్కులు, రైలు పట్టాల పక్క పొదలు, కుందేళ్ళు, ఎలుకలు, రాలిన పళ్ళు అన్నీ ఉన్నాయి. 1999లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక కయోటీ దొరికితే జనం విడ్డూరంగా చెప్పుకున్నారు. 2007 ఏప్రిల్‌లో షికాగో నడిబొడ్డున ఒక శాండ్‌విచ్ షాపు తలుపు తెరిచి ఉంటే ఒక కయోటీ లోపలికి నడిచి వెళ్ళి, కూల్‌డ్రింకులు పెట్టే కూలర్‌లో ఎక్కి పడుకుంది. ఎవరినీ ఏమీ అనలేదు.

ఆ ఊళ్ళోనే 2000 సంవత్సరంలో స్టాన్లీ గెర్ట్ అనే శాస్త్రవేత్త కయోటీలకి రేడియో పట్టీలు కట్టి వెంబడించడం మొదలు పెట్టాడు. ఏడాదిలో ముగిద్దామనుకున్న పని ఇరవై ఏళ్ళు దాటి సాగుతోంది. షికాగో చుట్టుపక్కల కనీసం 2 వేల కయోటీలుంటాయని వాళ్ళ అంచనా, అంతకు రెట్టింపు కూడా ఉండొచ్చట. పగలు దాక్కుని రాత్రి తిరగడం, రోడ్డు మీద కార్ల జోరు చూసుకుని దాటడం నేర్చుకున్నాయి. అయినా అక్కడ వాటికి యముడు కారే. ఎక్కువగా చచ్చిపోయేది చక్రాల కిందే. ఆ బృందమే 2012లో 236 కయోటీల జన్యువుల్ని పరీక్షించింది. ఒక్క జంట కూడా జత తప్పలేదు. చచ్చేదాకా ఒకదానికొకటే. మా అమ్మాయి ఇది విని, పాలిస్తూ ఉన్నదల్లా వాళ్ళాయన వైపు చూసి నవ్వింది. నెల రోజుల్లో ఆ ఇంట్లో మొదటిసారి అందరం నవ్వాం.

ఊళ్ళోకి రావడంవల్ల మంచీ జరిగింది, చెడూ జరిగింది. ఎలుకల్ని తింటాయి. చెరువుల దగ్గర విపరీతంగా పెరిగిపోయే కెనడా బాతుల గుడ్లు తిని వాటి సంఖ్యని అదుపులో పెడతాయి. కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో 1999లో ఒక చిత్రం బయటపడింది. కయోటీలు తిరిగే లోయల్లో పిట్టలు ఎక్కువ జాతులు మిగిలాయి. ఎందుకంటే, కయోటీ భయానికి పిల్లులు అటు పోవు, కొన్నిటిని అవి తినేస్తాయి కూడా. పిట్టలకి మంచిదే, ఆ పిల్లిని పెంచుకున్న ఇంటికి మాత్రం శోకం. పక్కింటావిడ కుక్కపిల్ల మెడకి కట్టు చూశాక నాకు రెండు వైపులా అర్థమయ్యాయి.

మనుషుల సంగతి? నమోదైన ప్రాణహాని రెండే. 1981లో కాలిఫోర్నియాలో మూడేళ్ళ పాప, 2009లో కెనడాలో కొండదారిన ఒంటరిగా నడుస్తున్న 19 ఏళ్ళ గాయని. పెంపుడు కుక్కలు చేసే హానితో పోలిస్తే ఇది ఏ మూలకి? కానీ ఇంట్లో ఐదేళ్ళ పిల్ల, నెల నిండని పసివాడు ఉన్న అమ్మమ్మకి 'రెండే' అన్న మాట చిన్నదిగా వినపడదు.

అసలు నా గుండెలో గుచ్చుకున్నది ఇంకోటి. కయోటీలు మనుషుల మీదికొచ్చిన చోట వెనక్కి వెళ్ళి చూస్తే, తరచు ఎవరో ఒకరు తిండి పెట్టిన ఆనవాలు కనిపిస్తుంది. కెనడాలో వాంకూవర్ ఊళ్ళో స్టాన్లీ పార్కు ఉంది. 2020 డిసెంబరు నుంచి 2021 ఆగస్టు దాకా ఆ ఒక్క పార్కులో సుమారు 45 మంది మీద కయోటీలు దాడి చేశాయి, పిల్లలు కూడా అందులో ఉన్నారు. జనం వాటికి తిండి అలవాటు చేశారని తేలింది. పదకొండు కయోటీల్ని చంపారు. తర్వాత అడవి జంతువులకి తిండి పెడితే 500 డాలర్లు జరిమానా అన్నారు. తిండి పెట్టిన చెయ్యి ఎవరిదో తెలీదు, ప్రాణం పోయింది మాత్రం తిన్నవాటికి.

ఏప్రిల్ నెల కయోటీలు ఈనే కాలమని కూడా చదివాను. ఆడది గూటిలో పిల్లలతో ఉంటే మగది తిండి మోస్తుందట. మా అరుగు మీదికి వచ్చినది ఏదో నాకు తెలీదు. మా ఇంట్లో ఒక బాలింత, చెరువు గట్టున ఒక బాలింత ఉండి ఉంటుందనుకున్నాను. జాలి కలగలేదంటే అబద్ధం. అయినా జాలిపడి నేను పెట్టిన ముద్ద ఆ కుక్కపిల్ల మెడ దాకా వచ్చింది. రేపు ఎవరైనా ఫోను చేస్తే ఆ కయోటీ ప్రాణం మీదికీ వస్తుంది.

మర్నాడు అమ్మాయిని తోడు తీసుకుని పక్కింటికి వెళ్ళాను. బాలింతని గుమ్మం దాటించడం నాకిష్టం లేదు గానీ నా ఇంగ్లీషు మీద నాకు నమ్మకం లేదు. అన్నం పెట్టింది నేనేనని చెప్పాను. తెలియక చేశానని, డాక్టరు ఖర్చు మేమిస్తామని చెప్పమన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను కూడా పిట్టల గింజలు నేలమీద పోస్తాను. వాటికోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం అదీ వస్తుంది" అంది. డబ్బు తీసుకోలేదు. కుక్కని తాడు లేకుండా వదలనని తనంది, అరుగు మీద మెతుకు కూడా ఉండదని నేనన్నాను.

ఆ రోజు నుంచి మా పెరట్లో పద్ధతులు మారాయి. చెత్త డబ్బా మూత గట్టిగా బిగించడం, గ్యాస్ పొయ్యి మీద ఏదైనా కాలిస్తే వెంటనే తుడిచెయ్యడం, చీకటిపడితే పిల్లని ఒంటరిగా వదలకపోవడం. మనవరాలికి ఒక పాఠం చెప్పాం. కయోటీ కనబడితే పరిగెత్తకూడదు, వెన్ను చూపకూడదు, చేతులు పైకెత్తి పెద్దగా అరవాలి, అరుస్తూ మెల్లిగా వెనక్కి అడుగులేసి ఇంట్లోకి రావాలి. భయపడితే అది మంచి కయోటీ, దాని ప్రాణానికీ అదే క్షేమం. రెండు పళ్ళాలు, గరిటె గుమ్మం దగ్గర పెట్టుకున్నాం.

వారం తర్వాత సందెవేళ వచ్చింది. అరుగుకి ఇరవై అడుగుల దూరంలో నిలబడి, అలవాటైన చోటు ఖాళీగా ఎందుకుందా అన్నట్టు చూసింది. బూడిద రంగు వెంట్రుకలు, సన్నటి కాళ్ళు, పసుపు కళ్ళు. నా కాళ్ళు వణికాయి. మనవరాలు నా కొంగు పట్టుకునే "గో అవే!" అని ఇల్లు అదిరేలా అరిచింది. నేను పళ్ళెం మోగించాను, నోటికి వచ్చింది తెలుగే, "ఫో, ఫో!" అన్నాను. పది అడుగులు వెనక్కి వేసి, ఒకసారి తిరిగి చూసి, పొదల్లోకి పోయింది. మళ్ళీ అరుగెక్కలేదు. రాత్రుళ్ళు ఊళ మాత్రం నేనున్నన్నాళ్ళూ వినిపించింది.

ఇప్పుడు గుంటూరులో మా గోడ మీద కాకికి ముద్ద పెడుతూనే ఉన్నాను. అలవాటు మానలేదు, కానీ పెట్టేముందు ఇది ఇంకెవరిని పిలుస్తుందో అని ఒక్క క్షణం ఆగి చూస్తున్నాను. వందేళ్ళ విషం, తుపాకులు, చట్టాలు చెయ్యలేని పని ఆ శివారులో రెండు వంటిళ్ళవాళ్ళం మాట్లాడుకుని కొంతైనా చేశాం. మీలో ఎవరైనా కూతురి పురిటికో కోడలి పురిటికో అటు వెళ్తుంటే, పచ్చళ్ళు, కారప్పొడులు సర్దుకునేటప్పుడు ఈ మాట కూడా గుర్తు పెట్టుకోండి. మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు పులిహోర కలుపుకోవచ్చు.

మొన్న ఫోనులో మనవరాలు, "అమ్మమ్మా, నిన్న అది మళ్ళీ చెరువు దగ్గర కనిపించింది, నేను అరిచాను, పారిపోయింది" అంది. తమ్ముడికి కూడా అరవడం నేర్పుతోందట. వాడికింకా మాటలు రాలేదు, అరుపు మాత్రం బాగా వచ్చింది.